తట్టును ఆపాల్సింది ఓపీ గుమ్మం దగ్గర

1981లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, డికాల్బ్ కౌంటీలో ఒక పిల్లల క్లినిక్‌కు పన్నెండేళ్ల బాలుడిని తీసుకొచ్చారు. ఒంటి మీద దద్దు లేచి అది రెండో రోజు. విపరీతంగా దగ్గుతున్నాడు. క్లినిక్‌లో ఉన్నది గంటసేపు. అందులో ఎక్కువ భాగం ఒకే పరీక్ష గదిలో గడిచింది. ఆ గంటలో మరో ఏడుగురు పిల్లలకు తట్టు సోకింది. వారిలో నలుగురు అతను వచ్చేటప్పుడో పోయేటప్పుడో వెయిటింగ్ హాల్లో కూర్చున్నవారు. ఆ నలుగురిలోనూ అతనికి ఎదురుపడి మీటరు దూరంలోకి వచ్చింది ఒక్కరే. ఏడుగురిలో మిగిలిన ముగ్గురు అతనున్న గదిలో అడుగే పెట్టలేదు. వారిలో ఒకరైతే అతను వెళ్లిపోయిన గంట తర్వాత క్లినిక్‌కు వచ్చారు. ఆ తర్వాత భవనంలో గాలి ఎటు నుంచి ఎటు పోతోందో పరిశీలిస్తే, పరీక్ష గదిలో వెలువడిన సూక్ష్మ కణాలు క్లినిక్ అంతటా పరుచుకుంటున్నాయని తేలింది. ఇంచుమించు అదే కాలంలో మిషిగన్‌లోని మరో క్లినిక్‌లోనూ ఇలాగే జరిగింది. రోగి వెళ్లిపోయిన గంటకు పైగా గడిచాక లోపలికి వచ్చిన పిల్లలకు జబ్బు అంటుకుంది.

తట్టు, అంటే మీజిల్స్, మనకు తెలిసిన అంటువ్యాధుల్లో అత్యంత వేగంగా వ్యాపించేవాటిలో ఒకటి. రక్షణ లేని జనం మధ్య ఒక రోగి నుంచి సగటున 12 నుంచి 18 మందికి సోకగలదని అంచనా. టీకా పడనివారు, ఇంతకుముందు జబ్బు రానివారు రోగి దగ్గర మసలితే పదిమందిలో తొమ్మిదిమందికి వస్తుంది. రోగి వెళ్లిపోయాక కూడా ఆ గది గాలిలో వైరస్ రెండు గంటల వరకు నిలిచి ఉంటుంది. వైద్య విద్యార్థులు బట్టీ పట్టే అంకెలివి. ఆసుపత్రి నడిపేవారికి వీటికన్నా పనికొచ్చే అంకె మరొకటి ఉంది. దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే రోగి ఇతరులకు అంటిస్తాడు. కనిపించాక మరో నాలుగు రోజులు అంటిస్తాడు. జబ్బు పేరు డాక్టరు నోటి నుంచి వచ్చేసరికే అంటించే కాలంలో సగం గడిచిపోయి ఉంటుంది.

ఆసుపత్రుల్లో తట్టు నివారణ అనగానే చర్చ ఐసొలేషన్ వార్డు మీదికి పోతుంది. ఎన్ని పడకలు, ఏ బ్లాకులో, ఎవరి డ్యూటీ అని లెక్కలు వేస్తారు. వార్డు అవసరమే. కానీ వార్డుకు చేరిన రోగి అప్పటికే ఓపీ చీటీ రాసే చోట, డాక్టరు గది బయట బెంచీ మీద, రక్త పరీక్షల కౌంటరు దగ్గర, మందుల షాపు ముందు నిలబడి వచ్చినవాడే. నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే. జబ్బు నిర్ధారణ కాకముందే, అనుమానం మీదే కదలగలిగిన ఆసుపత్రి తట్టును ఆపగలదు. రిపోర్టు చేతికొచ్చాక కదిలే ఆసుపత్రికి మిగిలేది ఎవరెవరికి అంటిందో వెతకడమే.

ఒక వారం లెక్క వేస్తే సంగతి తేటపడుతుంది. పదకొండు నెలల బిడ్డకు జ్వరం, ముక్కు కారడం, పొడి దగ్గు. సోమవారం సాయంత్రం తల్లి క్లినిక్‌కు తీసుకొస్తుంది. హాలు నిండా జలుబు, జ్వరం పిల్లలే. ఈ బిడ్డ కూడా వారిలో ఒకడు. కళ్లు కాస్త ఎర్రగా, నీరు కారుతూ ఉన్నాయి. జ్వరం సిరప్ రాసి పంపుతారు. అందులో డాక్టరు తప్పేమీ లేదు. బుగ్గల లోపలి వైపు ఎర్రటి మచ్చల మధ్య తెల్లగా ఉప్పు పలుకుల్లా కనిపించే కాప్లిక్ చుక్కలు దద్దుకు ఒకటి రెండు రోజుల ముందు మాత్రమే వస్తాయి, ఆపైన త్వరగా మాయమవుతాయి. గురువారం ఉదయం చెవుల వెనక, నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోట దద్దు లేస్తుంది. అక్కడి నుంచి ముఖానికి, ఛాతీకి, కాళ్లకు దిగుతుంది. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఆ ఎరుపు పుస్తకాల్లో బొమ్మంత స్పష్టంగా ఉండదు. కంటికన్నా చేతికే, గరుకుగా, ముందు తెలుస్తుంది. శుక్రవారం సాయంత్రం తల్లి మళ్లీ అదే హాలుకు వస్తుంది. అప్పుడు అనుమానం పుడుతుంది.

ఇప్పుడు గడియారం చూడాలి. రోగికి దగ్గరగా మసలినవారికి టీకా వేసి జబ్బును అడ్డుకోవాలంటే మొదటిసారి తాకిడికి గురైనప్పటి నుంచి 72 గంటల్లో వేయాలి. సోమవారం సాయంత్రం ఆ హాల్లో కూర్చున్నవారికి ఆ గడువు గురువారం సాయంత్రంతో ముగిసింది. ఇక మిగిలింది ఇమ్యునోగ్లోబులిన్, అంటే రోగాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలను నేరుగా ఎక్కించే మందు. అది ఆరు రోజుల్లోపు ఇవ్వవచ్చు, అంటే ఆదివారం సాయంత్రం దాకా. ఆ మందు ఖరీదైనది, చిన్న ఊళ్లలో అడిగిన వెంటనే దొరికేది కాదు. శుక్రవారం నాడు హాల్లో ఉన్నవారికి మాత్రం సోమవారం దాకా టీకా గడువు ఉంది. ఇంతలో రక్త నమూనా ల్యాబుకు పోయి, ఫలితం వచ్చేసరికి రోజులు పడతాయి. పైగా దద్దు లేచిన మొదటి మూడు రోజుల్లో తీసిన రక్తంలో ఐజీఎం పరీక్ష (కొత్తగా సోకిన జబ్బుకు శరీరం తయారుచేసే యాంటీబాడీలను వెతికేది) నాలుగింట ఒక కేసులో తప్పుగా 'లేదు' అని చూపించే అవకాశముంది. రిపోర్టు కోసం ఆగితే రెండు గడువులూ దాటిపోతాయి. అందుకే జ్వరం, దద్దుతో పాటు దగ్గు, జలుబు, కళ్ల ఎరుపులో ఏ ఒక్కటి ఉన్నా తట్టుగానే భావించి పని మొదలుపెట్టాలి. కాదని తేలితే పోయేది కొన్ని మాస్కులు, ఒక గది రెండు గంటల ఖాళీ.

ఆ పని మొదలుపెట్టడానికి అసలు హాల్లో ఎవరున్నారో తెలియాలి. రోగి ఉన్నంతసేపు, వెళ్లాక రెండు గంటల వరకు అదే గాలి పీల్చిన ప్రతి ఒక్కరూ లెక్కలోకి వస్తారు. టోకెన్ పుస్తకంలో 'బాబు, 3 సం., జ్వరం' అని రాసుకునే క్లినిక్‌లో ఈ జాబితా తయారు కాదు. పిల్లలతో వచ్చిన అమ్మమ్మలు, గర్భిణిగా ఉన్న మేనత్త, తోడు వచ్చిన చెల్లి పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. మిగతా అందరినీ వదిలేసినా ముగ్గురిని మాత్రం వెతికి పట్టుకోవాలి: టీకా వయసు రాని శిశువులు, రక్షణ లేని గర్భిణులు, క్యాన్సర్ చికిత్స వల్లనో ఇతర కారణాల వల్లనో రోగనిరోధక శక్తి పడిపోయినవారు. వీరిలో గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి టీకా వేయకూడదు. అది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. వారికి ఇమ్యునోగ్లోబులిన్ ఒక్కటే దారి. ఓపీ చీటీ మీద ఒక ఫోన్ నంబరు, వచ్చిన వేళ రాయించడం చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. తట్టు విషయంలో అంతకన్నా చవకైన పరికరం ఆసుపత్రిలో ఇంకొకటి లేదు.

గదిలో గాలి

మన పట్టణాల్లో పిల్లల క్లినిక్కులు చాలావరకు షాపుల వరసలో, షట్టరు తీసి అద్దాల తలుపు బిగించిన గదుల్లో నడుస్తున్నాయి. లోపల స్ప్లిట్ ఏసీ. చల్లదనం బయటికి పోకుండా కిటికీలు మూసేస్తారు. కొన్ని చోట్ల కిటికీలే ఉండవు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరిచి తిప్పుతుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ముప్ఫై, నలభై మంది అదే గాలిని పంచుకుంటారు. ఈ ఏర్పాటు సౌకర్యంగానే ఉంటుంది. తట్టుకు కూడా అంతే సౌకర్యం.

లెక్కలు చూస్తే తేడా అర్థమవుతుంది. గదిలోని గాలి గంటకు రెండుసార్లు మాత్రమే మారితే, అందులో ఉన్న వైరస్ కణాల్లో 99 శాతం పోవడానికి 138 నిమిషాలు పడుతుంది. ఆరుసార్లు మారితే 46 నిమిషాలు చాలు. పన్నెండుసార్లయితే 23. పెద్ద ఆసుపత్రుల్లో తట్టు, క్షయ వంటి రోగుల కోసం కట్టే నెగటివ్ ప్రెషర్ గదులకు కొత్త కట్టడాల్లో ఈ పన్నెండే ప్రమాణం. గది గాలి వరండాలోకి రాకుండా నేరుగా బయటికి పోవాలి, లేదా సూక్ష్మ కణాలను పట్టే హెపా ఫిల్టరు గుండా రావాలి. ఇలాంటి గదులు జిల్లా ఆసుపత్రి స్థాయిలో కూడా అరుదు. అవి లేవు కాబట్టి ఏమీ చేయలేమని చేతులెత్తేయడం మాత్రం తప్పు. పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల గదులను కొలిచి 2007లో ప్రచురించిన అధ్యయనం క్షయ కోసం చేసినదే అయినా తట్టుకూ వర్తిస్తుంది. తలుపులు, కిటికీలు బార్లా తెరిస్తే గాలి గంటకు సగటున 28 సార్లు మారింది. యంత్రాలతో నడిచే గదుల ప్రమాణానికి అది రెట్టింపు కన్నా ఎక్కువ. యాభై ఏళ్లకు ముందు కట్టిన, ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీలున్న గదుల్లో అది 40. కొత్త భవనాల గదుల్లో 17 మాత్రమే.

ఈ ఫలితం మన పాత సర్కారు దవాఖానాలను తెలిసినవారికి ఆశ్చర్యం కలిగించదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలోనూ నిజాం కాలంలోనూ కట్టిన ఆసుపత్రుల ఎత్తయిన కప్పులు, నేల దాకా దిగిన కిటికీలు, చుట్టూ వరండాలు అంటువ్యాధుల భయంలోంచి పుట్టిన నిర్మాణ పద్ధతి. ఆ వరండాలను తర్వాత అల్యూమినియం చట్రాలతో మూసి గదులుగా మార్చడం, కిటికీలకు అడ్డంగా బీరువాలు పెట్టడం ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. కానీ పోయిన గాలిని మళ్లీ కొనాలంటే లక్షలవుతుంది.

మామూలు క్లినిక్‌కు పని జరిగే దారి ఇది. బయటి వైపు కిటికీ ఉన్న ఒక చిన్న గదిని అనుమానిత రోగులకు కేటాయించాలి. లోపలి తలుపు మూసి, బయటి కిటికీ తెరిచి, గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి. ఆ ఫ్యాను పక్కింటి కిటికీలోకో, జనం నిలబడే సందులోకో ఊదకూడదు. రోగి వెళ్లాక రెండు గంటలపాటు మరొకరిని అందులో కూర్చోబెట్టకూడదు. అలాంటి గదే లేకపోతే బిడ్డను ఆరుబయట, వరండా చివరో చెట్టు నీడనో చూడటం ఎంతో మేలు. అమెరికాలో కారులోనే పరీక్ష చేసి పంపే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. మన దగ్గర వేపచెట్టు కింద బెంచీ ఆ పని చేస్తుంది.

ఇక్కడ ఒక తప్పుడు అలవాటు గురించి చెప్పుకోవాలి. దద్దుతో వచ్చిన పిల్లలకు 'అందరూ అయ్యాక చూస్తాం' అని చివరి టోకెన్ ఇచ్చి అదే హాల్లో కూర్చోబెడతారు. జాగ్రత్త అనుకుని చేసే ఈ పని వల్ల బిడ్డ అందరికన్నా ఎక్కువసేపు ఆ గాలిలో ఉంటాడు. చివర్లో చూడాలనుకుంటే ఫోన్ చేసి చివర్లోనే రమ్మనాలి. రానే వచ్చాడంటే మొదట చూసి పంపాలి.

శుభ్రత విషయంలోనూ దృష్టి పక్కకు పోతుంటుంది. తట్టు కేసు వచ్చిందనగానే నేలంతా ఫినాయిల్‌తో తుడిపించి, పడకలు బయట ఎండేసి, ఆ వాసనతో అందరికీ ధైర్యం చెబుతారు. తుడవాల్సిందే. కానీ ఈ వైరస్ నేల మీద, బల్లల మీద ఎక్కువసేపు నిలవదు. మామూలు క్రిమిసంహారకాలకే చస్తుంది. దాని బలమంతా గాలిలోనే. రెండు కిటికీలు తెరిస్తే కలిగే మేలు రెండు బకెట్ల ఫినాయిల్‌తో కలగదు.

మాస్కుల సంగతి కూడా సరిగా అర్థం చేసుకోవాలి. రోగికి వేసే సర్జికల్ మాస్కు అతని నోటి నుంచి వచ్చేదాన్ని కొంత ఆపుతుంది కాబట్టి గేటు దగ్గరే ఇవ్వాలి. రెండేళ్లలోపు పిల్లలకు మాస్కు వేయకూడదు, వాళ్ల విషయంలో దూరం, ఆరుబయట గాలే రక్షణ. లోపలికి వెళ్లే సిబ్బంది తాము టీకా వేసుకున్నా సరే ఎన్-95 పెట్టుకోవాలి. రోగి దగ్గరికి పంపేది మాత్రం రక్షణ ఉన్నట్టు రుజువున్న సిబ్బందినే. నెబ్యులైజర్ పెట్టాల్సి వస్తే సాధారణ హాల్లో ఎంత మాత్రం కాదు.

సిబ్బంది ఫైళ్లు

2008 ఫిబ్రవరిలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికురాలు జ్వరం, దద్దుతో ఆసుపత్రిలో చేరింది. ఆమెకు టీకా పడలేదు. ఆ కేసు నుంచి మొదలై మొత్తం 14 మందికి తట్టు నిర్ధారణ అయింది. వారిలో సగం మందికి, ఏడుగురికి, సోకింది వైద్యశాలల్లోనే. అంటించే దశలో వైద్యం కోసం వెళ్లినవారు 11 మంది. దద్దు లేచాక వెంటనే మాస్కు వేసి వేరుగా ఉంచింది వారిలో ఒక్కరినే. అంతా అయ్యాక రెండు ఆసుపత్రుల రికార్డులు తీస్తే, 7,195 మంది సిబ్బందిలో 1,776 మందికి తట్టు నుంచి రక్షణ ఉన్నట్టు ఏ కాగితమూ లేదు. వారిలో 1,583 మందికి రక్త పరీక్ష చేశారు. 139 మందికి యాంటీబాడీలు లేవు. ఆ లేనివారిలో ఒకరికి తట్టు వచ్చింది. ఏడు కేసులను అదుపు చేయడానికి ఆ రెండు ఆసుపత్రులు ఖర్చు పెట్టింది 7,99,136 డాలర్లు.

ఈ అంకెల్లో ఒక విడ్డూరం ఉంది. కాగితం లేనివారిలో పరీక్ష చేయించుకున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి నిజానికి రక్షణ ఉంది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే వాళ్లంతా యథావిధిగా డ్యూటీ చేసేవారు. తెలియకపోవడం వల్ల వేల మంది ఫైళ్లు తిరగేయాలి, రక్తం తీయాలి, ఫలితం వచ్చేదాకా పనికి రావద్దనాలి. ఎందుకంటే రక్షణ రుజువు లేని సిబ్బంది రోగి తాకిడికి గురైతే, ఐదో రోజు నుంచి 21వ రోజు వరకు విధులకు దూరంగా ఉంచాలన్నది నియమం. జబ్బు పొదిగే కాలం అంత పొడవు. రాత్రికి రాత్రి నర్సుల్లో నాలుగోవంతు మందిని మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టి నడిచే ఆసుపత్రి ఎక్కడా ఉండదు.

మన దగ్గర ఈ లెక్క ఎలా ఉంటుంది? సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలై దశలవారీగా జిల్లాలకు విస్తరించింది. అందులో తట్టు టీకా ఒకే డోసు, తొమ్మిది నెలలప్పుడు. తొమ్మిది నెలలకే వేసిన ఒక్క డోసుతో వందలో 85 మందికి మాత్రమే రక్షణ ఏర్పడుతుంది. ఏడాది దాటాక వేసిన రెండు డోసులతో అది 97 దాకా పోతుంది. రెండో డోసు దేశంలో 2010 నుంచి వచ్చింది. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మీజిల్స్-రుబెల్లా టీకా ప్రచారం జరిగినప్పుడు తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు వేశారు. అంటే 2002 తర్వాత పుట్టినవారికి. 1985కు ముందు పుట్టినవారిలో చాలామందికి చిన్నతనంలో జబ్బే వచ్చి జీవితకాలపు రక్షణ మిగిలింది. ఈ రెండింటి మధ్య పుట్టినవారికి ఒక డోసు పడి ఉండవచ్చు, అదీ లేకపోయి ఉండవచ్చు, జబ్బు వచ్చి ఉండవచ్చు. ఇప్పుడు వాళ్ల వయసు ఇరవై మూడు, ఇరవై నాలుగు నుంచి నలభై దాకా. స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లు, పీజీ డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, 108 సిబ్బందిలో అత్యధికులు సరిగ్గా ఈ వయసువారే. తట్టు రోగిని మొదట ముట్టుకునే చేతులు, టీకా చరిత్రలో అందరికన్నా అనిశ్చితంగా ఉన్నవారివి.

ఉద్యోగంలో చేరేటప్పుడు హెపటైటిస్-బి గురించి అడిగినంత శ్రద్ధగా తట్టు గురించి అడిగే ఆసుపత్రులు తక్కువే. చిన్నప్పటి టీకా కార్డు దాచుకున్నవారు ఇంకా తక్కువ. దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు: రుజువు లేనివారికి నెల రోజుల ఎడంతో రెండు డోసులు వేసేయడం. రక్షణ ముందే ఉన్నవారికి మళ్లీ వేసినా హాని లేదు. గర్భిణులను, రోగనిరోధక శక్తి తగ్గినవారిని మినహాయించి, వారిని తట్టు రోగుల దగ్గరికి పంపకుండా చూస్తే సరి. అసలు చిక్కు ఎవరిని సిబ్బందిగా లెక్కపెడతారన్న దగ్గర వస్తుంది. ఓపీ గుమ్మంలో నిలబడి జనాన్ని వరసలో పెట్టే సెక్యూరిటీ గార్డు, స్ట్రెచర్ తోసే వార్డు బాయ్, గది తుడిచే ఆయా, క్యాంటీన్‌లో టీ ఇచ్చే కుర్రాడు చాలాచోట్ల కాంట్రాక్టరు మనుషులు. వాళ్ల ఫైలు ఆసుపత్రిలో ఉండదు. కాంట్రాక్టరు దగ్గరా ఉండదు. వైరస్ మాత్రం ముందు గేటు దగ్గరి మనిషినే కలుస్తుంది. మూడు వారాలు ఇంట్లో ఉండమంటే రోజు కూలీ పోతుందని తెలిసిన మనిషి తనకు జ్వరం వచ్చిందని చెప్పడు. ఆ రోజుల జీతం ఇస్తామన్న హామీ లేని నియమం కాగితం మీదే ఉంటుంది.

ఇల్లే వార్డు

తట్టు వచ్చిన బిడ్డను ఇంట్లో వేరుగా ఉంచి, గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివారిని రానివ్వకపోవడం మన పల్లెల్లో పాత ఆచారం. అమ్మవారు పోసిందని భావించి చేసినా, ఆ దూరం పాటించడం వల్ల మేలే జరిగింది. మండలు కట్టేది దద్దు చూశాకే కాబట్టి, ముందు నాలుగు రోజుల్లో సోకాల్సినవారికి అప్పటికే సోకి ఉంటుంది, అదొక లోపం. బిడ్డకు ఊపిరి అందకపోయినా ఆసుపత్రికి తీసుకుపోకపోవడం ఇంకా పెద్ద లోపం. తట్టుతో చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది న్యుమోనియా, విరేచనాలతోనే పోతారు. 2023లో ప్రపంచవ్యాప్తంగా కోటీ మూడు లక్షల మందికి తట్టు వచ్చిందని, 1,07,500 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

ఆచారంలో దూరం పాటించే భాగాన్ని వైద్యం కూడా అంగీకరిస్తుంది. తీవ్రత లేని బిడ్డను వార్డులో చేర్చకపోవడమే ఆసుపత్రి తీసుకోగల మంచి జాగ్రత్త. విటమిన్-ఎ మోతాదు ఇచ్చి (ఏడాది దాటినవారికి రోజుకు రెండు లక్షల యూనిట్ల చొప్పున రెండు రోజులు, ఆరు నుంచి పదకొండు నెలలవారికి అందులో సగం), ప్రమాద సూచనలు తల్లికి వివరించి, దద్దు లేచిన నాలుగు రోజులు దాటేదాకా ఇంట్లోనే ఉంచమని చెప్పి, ఫోన్‌లో కనుక్కుంటే చాలు. చేర్చక తప్పనప్పుడు పురిటి వార్డుకు, నవజాత శిశువుల విభాగానికి, క్యాన్సర్ పిల్లల వార్డుకు దూరంగా ఉన్న గది చూడాలి. 2025 మార్చిలో టెక్సాస్‌లోని లబ్బక్‌లో ప్రసవానికి చేరిన ఒక మహిళకు తట్టు ఉన్నట్టు ఆలస్యంగా తెలిసి, అక్కడున్న పసికందులకు ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది పశ్చిమ టెక్సాస్‌లో మొదలైన ఆ వ్యాప్తిలో 762 కేసులు నమోదయ్యాయి, ఇద్దరు పిల్లలు చనిపోయారు. అక్కడి తెలుగు కుటుంబాలు చంటిపిల్లలతో సెలవులకు ఇక్కడికి రావడం, ఇక్కడి తాతలు, అమ్మమ్మలు అక్కడికి పోవడం నిత్యం జరిగేదే. ఆరు నెలలు నిండిన బిడ్డకు విదేశీ ప్రయాణానికి ముందు ఒక అదనపు డోసు వేయించమని అమెరికా వైద్య విధానం చెబుతుంది. తిరిగి వెళ్లాక జ్వరం, దద్దు కనిపిస్తే క్లినిక్‌కు పోయే ముందు ఫోన్ చేసి ప్రయాణం సంగతి చెప్పడం ఆ హాల్లో కూర్చున్న మిగతా పిల్లలకు చేసే ఉపకారం.

2022 చివర్లో ముంబైలో, ముఖ్యంగా గోవండి పరిసరాల్లో, తట్టు విజృంభించినప్పుడు చాలా కేసులు టీకా అందని పిల్లలవే. అప్పుడు కేంద్రం వ్యాప్తి ఉన్న ప్రాంతాల్లో తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు అదనపు డోసు, తొమ్మిది నెలల లోపు కేసులు ఎక్కువగా ఉన్నచోట ఆరు నెలలకే ఒక డోసు వేయమని సూచించింది. తట్టు, రుబెల్లాలను 2026 నాటికి దేశంలో లేకుండా చేయాలన్నది లక్ష్యం. ఆ లక్ష్యానికి ఆసుపత్రి అందించగల సాయం ఒకటుంది, దాన్ని ఇప్పటికీ సరిగా వాడుకోవడం లేదు. విరేచనాలతోనో, న్యుమోనియాతోనో చేరిన ప్రతి బిడ్డ టీకా కార్డును చేరిక రోజే అడగడం. టీకా పడని పిల్లలు ఆసుపత్రి మెట్లెక్కేది అలాంటప్పుడే. కోలుకున్న బిడ్డను గురువారం ఇంటికి పంపుతూ 'శనివారం మీ ఊళ్లో ఏఎన్ఎం దగ్గర వేయించండి' అంటారు. తెలుగు రాష్ట్రాల్లో టీకాలు వేసేది బుధ, శనివారాలు. వారం రోజులు కూలి మానుకుని ఆసుపత్రిలో ఉన్న తల్లి ఆ శనివారం పనికి పోతుంది.

అక్కడికక్కడే ఎందుకు వేయరంటే ఒక కారణం సీసా. మీజిల్స్-రుబెల్లా టీకా ఒకే సీసాలో పలు డోసులుగా వస్తుంది. పొడిలో ద్రావణం కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. ఒక్క బిడ్డ కోసం సీసా తెరిస్తే మిగతా డోసులన్నీ వృథా అని రిజిస్టరులో పడుతుంది. పైవారు అడుగుతారని నర్సు వెనకాడుతుంది. ప్రభుత్వ మార్గదర్శకాలు ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవమనే చెబుతాయి. టూసాన్‌లో ఒక్కో కేసుకు లక్ష డాలర్లకు పైగా ఖర్చయిన సంగతి పక్కన పెట్టి చూసినా, వార్డులో ఒక్క తట్టు కేసు వల్ల మూతపడే గదులు, సెలవు పెట్టే సిబ్బంది, వెతికి ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాల్సిన పసివాళ్ల ముందు ఆ కొన్ని డోసుల వృథా లెక్కలోకి రాదు. ఆ ఖర్చు ఎవరూ అడగని పద్దులో పడేలా జిల్లా అధికారులు రాతపూర్వకంగా చెబితే, డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టే ముందే బిడ్డ చేతికి సూది పడుతుంది.